పక్క సీటావిడ ఎడిటర్

కొత్తపేట నుంచి అమలాపురం వెళ్లే బస్సులో నా పక్కనావిడ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, టైపు చేసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆదివారం చర్చిలో చెప్పాల్సిన ప్రసంగం రాస్తున్నారు. వచనం నంబరు కొట్టి ఒక్క మీట నొక్కితే బైబిలు వాక్యం మొత్తం వచ్చేస్తోంది.

"ఇది ఎవరు చేసిపెట్టారండీ?" అని అడిగాను.

"ఆయ్, ఆ పని చేసే స్క్రిప్టు, అదే చిన్న ప్రోగ్రాము, నేనే రాసుకున్నానండీ. కంపెనీవాళ్లు ఎడిటర్‌ని ఎలా ఇచ్చేరో అలాగే వాడాలని ఎక్కడుందండీ?"

నాకు ఒళ్లు మండింది. దేవుడి మాటైనా సరే, ఎవరో ఇచ్చింది ఇచ్చినట్టు ఒప్పుకోవద్దని ఊరూరా వాదించేవాణ్ని నేను. అలాంటిది నా ఎడిటర్‌లో అక్షరాల సైజు కూడా మార్చి ఎరగను.

"మీకూ నేర్పమంటారా?" అన్నారావిడ.

"అక్కర్లేదండీ," అన్నాను.

మర్నాడే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా ఎడిటరూ నేను చెప్పినట్టే వింటుంది. ఆవిడ ఈపాటికి తన ఎడిటర్‌కి ఇంకేం నేర్పారో అన్న కుళ్లు మాత్రం పోలేదు.