మోరూకాకా తెర ముందుకొచ్చిన ఆదివారం

పుణేలో మా నాటకశాల గేటు పక్కన రాబోయే నాటకాల బోర్డు రాసేది మోరేశ్వర్ కాన్హేరే. అందరికీ మోరూకాకా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బోర్డు ఆయనదే. నేను టికెట్ల కిటికీలో కూర్చునేవాణ్ణి. ఇన్ని పేర్లు రాసినవాడు ఒక్క నాటకమూ చూడలేదు. చీకట్లో కూర్చుంటే నిద్రొస్తుందట.

ఆ ఏడు జూలైలో ఒక ఆదివారం నాటక రచయిత దామ్లేగారి ‘అస్థికలు’, ఆపై శనివారం ‘బావగారి బనీను’. ఒక్కో పేరు కింద ఒక రేకు పలక తగిలించాలి. ఒకదాని మీద ‘పొట్ట చెక్కలయ్యే నవ్వులు’, ఇంకోదాని మీద ‘గుండెను పిండే విషాదం’. కంట్లో చుక్కల మందు వేసుకొచ్చిన కాకా రెంటినీ తారుమారు చేశాడు. నా కిటికీకి బోర్డు వీపే కనిపిస్తుంది కనుక నాకూ తెలియలేదు.

దామ్లే నాటకానికి నలభై మంది వస్తే గొప్ప. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటకు హాలు నిండిపోయింది. పొంగిపోయిన దామ్లే జనాన్ని చూద్దామని బయటికొచ్చి, బోర్డు చూసి కొయ్యబారిపోయాడు.

“కాకా! నా నాటకంలో రెండో అంకంలో తండ్రి పోతాడు, మూడో అంకంలో కొడుకు పోతాడు. జనం ఎక్కడ నవ్వాలయ్యా?”

“మధ్యలో విరామం ఉందిగా సాహెబ్...”

“నోర్ముయ్! నువ్వే వెళ్లి తెర ముందు నిలబడి చెప్పు.”

ఆట మొదలుకు ముందు మోగే మూడో గంట మోగింది. రంగు మరకల చొక్కా, ఒక కాలికే మడిచిన ప్యాంటు. మోరూకాకా తెర ముందుకొచ్చి చేతులు జోడించాడు.

“అయ్యా, ఇది ఏడుపు నాటకం.”

హాలు గొల్లుమంది.

“నవ్వకండి తల్లీ! బోర్డు నేనే తప్పు తగిలించాను. కంట్లో మందు పడి...”

“అబ్బ, ఆ మొహం చూడవే!” అని ముందు వరుసలో ఒకాయన భార్యను కుదిపాడు.

కాకాకు ఒళ్లు మండింది. “డబ్బు వాపసిస్తారు, వెళ్లిపోండి! ఇద్దరు చస్తారు, చెబుతున్నా!”

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఒక్కరూ కదల్లేదు.

నాటకం మొదలయ్యాక పావుగంట సేపు తండ్రి దగ్గినా నవ్వే. ఆపైన ఆ నవ్వు సన్నగిల్లింది. విరామంలో బంగాళాదుంపల బటాటా వడలు సగానికి సగం మిగిలిపోయాయి. ఆట ముగిశాక తొమ్మిది గజాల చీరలో ఒక ముసలామె ముక్కు తుడుచుకుంటూ కాకా చెయ్యి పట్టుకుంది. “నువ్వు ముందే చెప్పావు నాయనా. మేమే నమ్మలేదు.”

మంగళవారం పేపర్లో, బోర్డు రాసేవాడి వేషం వేసిన కొత్త నటుణ్ణి తెగ మెచ్చుకున్నారు. కాకా భార్య ఇందుతాయి పైకి చదివింది. “ఏవండీ, సహజంగా నటించారట.”

“నటించడమా? అక్కడ నా ప్రాణం పోయింది!”

దామ్లే పాలకోవా పేడాల పెట్టెతో ఇంటికొచ్చి బతిమాలాడు. వచ్చే ఆదివారం కూడా ఆ నవ్వుల పలకే తగిలించి అలాగే చెప్పాలట. కాకా ససేమిరా అన్నాడు. కానీ ఇందుతాయి అప్పటికే తాముండే వాడాలోని ఇళ్లన్నిటికీ చాటేసి, చొక్కా ఇస్త్రీ చేసి ఉంచింది. ఇక తప్పలేదు. వారమంతా అద్దం ముందు సాధన చేశాడు.

ఆదివారం జుట్టు నున్నగా దువ్వుకుని తెర ముందుకొచ్చి, గొంతు బరువుగా పెట్టి, “రసిక ప్రేక్షక మహాశయులారా, ఇది విషాద నాటకం” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. “బోర్డు తప్పు నాదే. వెళ్లదలచిన వారు వెళ్లవచ్చు” అన్నాడు.

పదకొండు మంది లేచి నా కిటికీ దగ్గరికొచ్చి టికెట్లు తిరిగిచ్చేశారు. మూడో వరుసలో ఇందుతాయి ఒక్కతే చప్పట్లు కొట్టింది.

“ఇక చాలు కాకా” అన్నాడు దామ్లే, మెల్లగా.

కాకా హాయిగా ఊపిరి వదిలి, ఇస్త్రీ చొక్కా విప్పి నా కుర్చీకి తగిలించాడు.

“ఏమోయ్, నా మాట నమ్మినవాళ్లు పదకొండు మందైనా దొరికారు” అన్నాడు, ఎంతో సంతోషంగా.