పచ్చిమామిడికి నల్లబడ్డ చాకు

మా ఇంట్లో ఉప్పు, కారం, కత్తి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి ఇవ్వం. కింద పెడతాం, కావలసినవాళ్ళు తీసుకుంటారు. చేతికిస్తే తగువులొస్తాయని నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే మా అత్త చెప్పింది. ఆ మాట మొన్నమొన్నటిదాకా జవదాటలేదు. తగువులు మాత్రం రాకుండా ఆగలేదు. అన్నిట్లోకి పెద్ద తగువు నా నోటివల్లే వచ్చింది, దానికి ఉప్పూ కారం ఏం చేస్తాయి పాపం.

మా ఆయన పెదనాన్న కొడుకు, నాకు బావ వరస, ఆయన చేను మా చేను పక్కనే. పదకొండేళ్ళ కిందట ట్రాక్టరుతో ఆయన చేను దున్నేటప్పుడు గట్టు జానెడు మా వైపు జరిగింది. మగవాళ్ళిద్దరూ తాడు పట్టి కొలుచుకుని సర్దుకునేవాళ్ళే. నేను ఊరుకుంటేగా. మిరపకాయలు కోసే కూలోళ్ళందరి ముందూ కొంగు బిగించి ఎదురు నిలబడి, జానెడు నేల కోసం గడ్డి తినే మనిషనుకోలేదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మీ చేతి మంచినీళ్ళు తాగితే నన్ను నా పేరు పెట్టి పిలవమాకండి" అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏడాది సర్వేవాళ్ళొచ్చి కొలిస్తే ఆ జానెడు ఆయనదేనని తేలింది. గట్టు అక్కడే ఉండిపోయింది. నేను మాత్రం వెళ్ళి తప్పయిందని చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పదేళ్ళు గడిచినయ్యి. మూడు గుమ్మాల అవతలే వాళ్ళిల్లు. శుభలేఖలు కూడా వేరేవాళ్ళ చేత పంపుకునేవాళ్ళం.

ఈ ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో ముప్పాళ్ళలో బంధువుల ఇంటికి పెళ్ళికెళ్ళి, మేమిద్దరం బండి మీద తిరిగొస్తున్నాం. చక్రానికి ఉండే చీర గార్డు ఊడిపోయి ఆర్నెల్లయింది. వేయించు వేయించు అని మా ఆయన చెవిలో పోరుతూనే ఉన్నా. ఎండకి కొంగు తలమీదుగా తెచ్చి మెడ చుట్టూ చుట్టుకున్నా. జారుడు షిఫాను చీర, పెళ్ళికని కట్టింది. కాలవ కట్ట మీద దాని కొస ఎప్పుడు జారిందో, చక్రంలో ఎప్పుడు పడిందో నాకు తెలీదు. వెనక్కి ఎవరో జుట్టు పట్టి గుంజినట్టయింది, అంతే. బండి పక్కకి పడింది, నేను చక్రం పక్కన పడ్డా. మెడ చుట్టూ చీర పగ్గంలాగా బిగుసుకుంది.

మా ఆయన చక్రం వెనక్కి తిప్పుతున్నాడు. చీర ఇరుక్కుపోయి అది తిరగట్లేదు. నాకు ఊపిరి లోపలికి పోవట్లేదు. అరవాలంటే గొంతు లేదు. పదిమందికి వినపడే నోరు నాది, ఆ పూట కుయ్ మని కూడా రాలేదు.

అప్పుడు వెనకనుంచి మోపెడ్ మీద పచ్చిమేత కట్టేసుకుని మా బావ వస్తున్నాడు. బండికి స్టాండు కూడా వెయ్యలేదు, అట్టాగే వదిలేశాడు. మొలలో ఎప్పుడూ ఉండే మడతచాకు తీసి, చక్రానికీ నా మెడకీ మధ్య బిగిసిన గుడ్డ కింద దూర్చి బలంగా నొక్కాడు. గుడ్డ తెగడం, చాకు అలుగు చక్రం చువ్వకి తగిలి విరగడం ఒక్కసారే జరిగినయ్యి. నా లోపలికి గాలి పోయింది. ఆ గాలి రుచి ఇప్పటికీ గుర్తుంది నాకు, మేత వాసన, పెట్రోలు వాసన కలిసి.

ఆయన మోపెడ్‌కి తగిలించిన సంచీలోంచి నీళ్ళ సీసా తీశాడు. నాకివ్వలేదు. మా ఆయన చేతికిచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు. మా ఆయన తాగిస్తే తాగాను. ఆయన ఎందుకట్టా చేశాడో ఇంటికొచ్చి పడుకున్నాక తెలిసింది నాకు. నేనన్న మాట నాకు గుర్తులేదు ఆ క్షణాన, ఆయనకి గుర్తుంది. నా పంతం నాకు నిలబెట్టాలని, నా ప్రాణం కాపాడిన మనిషి సీసా వేరే చేతికిచ్చాడు. ఆ పూట ఏడ్చినట్టు నేను మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

చాకు పిడి ఆయన జేబులో వేసుకుని వెళ్ళాడు. విరిగిన అలుగు ముక్క రోడ్డు పక్క దుమ్ములో పడుంటే నేను ఏరుకుని, మిగిలిన కొంగులో ముడేసుకొచ్చాను.

ఆ చాకు ఊరందరికీ తెలుసు. పశువు పగ్గం కోసినా, పుల్ల చెక్కినా, జామకాయ పంచినా దాంతోనే. అది పోయాక ఒకరోజు చేలో ఆయన పెద్ద కొడవలితో డ్రిప్పు పైపు కొయ్యబోతూ అవస్థపడుతుంటే చూశాను. కొత్తది కొనివ్వాలని అప్పుడే అనుకున్నా. నువ్వూ రా అంటే మా ఆయన తల అడ్డంగా తిప్పాడు. "నోరు జారింది నువ్వు. ఇచ్చేది కూడా నువ్వే ఇయ్యి" అన్నాడు. ఎప్పుడో ఒకసారి న్యాయం మాట్లాడతాడు ఆ మనిషి.

బస్సులో పేటకెళ్ళి, ఇనుపసామాన్ల కొట్లో ఆ విరిగిన ముక్క చూపించి ఇట్టాంటిదే కావాలన్నాను. కొట్టాయన రెండు చాకులు అద్దాల బల్ల మీద పెట్టాడు. ఒకటి మొహం చూసుకునేట్టు మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలుది. రెండోది కర్ర పిడి, మామూలు ఉక్కు, మీ పాతదానికి ఇదే జోడీ అన్నాడు. ఇది తీసుకుంటే తుడవడం గురించీ నూనె గురించీ ఏదో చెప్పాడు. నేను బేరంలో ఉన్నా. బేరమాడేటప్పుడు నాకు ఎదుటివాళ్ళ మాట చెవికెక్కదు.

ఇంటికొచ్చాక అనుమానమొచ్చింది. పదును లేని చాకు తీసుకెళ్ళి చేతిలో పెడితే పరువుంటుందా అని. పప్పులోకి తెచ్చిన పచ్చిమామిడికాయ దాంతో కోసి చూశా. వెన్నలో దిగినట్టు దిగింది. సంబరపడిపోయి, చాకు ముక్కల పక్కనే వంటగట్టు మీద వదిలేసి పాలు పొయ్యటానికి పోయా. పాలకేంద్రం దగ్గర నలుగురు కలిశారు, మాటలు. తిరిగొచ్చి చూస్తే అలుగు నిండా మచ్చలు. ఒకచోట బూడిదరంగు, ఒకచోట నెమలి మెడ నీలం, కొసన నలుపు.

ఇత్తడి నల్లబడితే మనం ఏం చేస్తాం? చింతపండేసి తోముతాం. దేవుడి గిన్నెలు నేను తోమితే వీధిలోకి మెరుస్తయ్యి, ఆ పేరుంది నాకు. అదే ధైర్యంతో చింతపండు, కాస్త ఉప్పు వేసి చాకుకి పట్టించి, నానాలని వదిలేసి అన్నానికి కూర్చున్నా. అన్నం తిని వచ్చేసరికి నెమలి నీలం పోయింది, మొత్తం కాకి నలుపయింది. ఇక పట్టుదలొచ్చి సబ్బుపొడి వేసి ఇనప పీచుతో రుద్దా. గీతలు పడ్డయ్యి, నలుపు పోలా. పొద్దున్నకి మడత దగ్గర ఎర్రగా కూడా వచ్చింది.

నాకు చాకు మీద కాదు దిగులు. ఆ మనిషికి ఏ మొహంతో ఇస్తాను ఇది. అంత మాటన్నది చాలక, ప్రాణం నిలబెట్టినందుకు వాడి పారేసిన నల్ల చాకు తెచ్చి పెట్టిందంటారు. అన్నా అనకపోయినా ఆయన మనసులో అనుకుంటాడు. రెండో తప్పు దిద్దుకునే అవకాశం నాకు ఇంకో పదకొండేళ్ళకి గానీ రాదు.

దిగులు నాకు కోపంగానే బయటికొస్తది. మొదటి బస్సెక్కి పేటకెళ్ళి, ఇంకా సామాను బయట సర్దుకుంటున్న కొట్టాయన మీద పడ్డాను. నాసిరకం అంటగట్టావన్నాను, మోసమన్నాను, ఇట్టాంటి కొట్టుకి తాళమెయ్యాలన్నాను. ఆయన నేను అలిసిపోయేదాకా ఆగి, ఏం కోశావక్కా అనడిగాడు. మామిడికాయన్నా. తర్వాత ఏం చేశావన్నాడు. చింతపండన్నా. ఆయన మూతి బిగబట్టుకున్నాడు గానీ కళ్ళు నవ్వినయ్యి. నిన్న తెచ్చిన పాత ముక్క ఉందా అన్నాడు. పర్సులోనే ఉంది. తీసిస్తే రెండూ పక్కపక్కన పెట్టాడు.

రెండూ ఒకే నలుపు. అన్ని రోజులూ నా దగ్గరే ఉంది ఆ ముక్క, అది మురికనుకున్నానే గానీ రంగనుకోలేదు.

"ఎర్రగా వస్తే తుప్పక్కా, అది ఉక్కుని తింటది" అన్నాడాయన. "ఈ నలుపు తుప్పు కాదు. పులుపు తగిలితే మామూలు ఉక్కు మీద ఇట్టా పొర కడతది. ఇది ఉంటేనే తుప్పు తొందరగా పట్టదు. పనిచేసే చాకంటే ఇట్టాగే ఉంటది."

మడత దగ్గర ఎరుపుని సన్న గరుకు కాగితంతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క వేసి నాలుగుసార్లు తెరిచి మూశాడు. కోసిన వెంటనే కడిగి, తడి లేకుండా తుడవాలని చెప్పాడు. ఈసారి చెవులు రెండూ అప్పగించి విన్నా. నీకు మనసు ఒప్పకపోతే ఇది ఉంచుకుని ఆ మెరిసేది ఇస్తానని కూడా అన్నాడు. తిట్టిన తిట్లకి నన్ను మెట్లు దిగమనాల్సింది, ఆయన మర్యాద అట్టాంటిది. ఆయనకి కూడా దణ్ణం పెట్టాలి నేను.

మెరిసేది తీసుకుంటే నాకు తేలిక. ఇచ్చేసి రావచ్చు, చెప్పుకోవలసిందేం లేదు. చెయ్యి దానిమీదికి పోయింది కూడా. కానీ విరిగిన ముక్క పక్కనే ఉంది. ఆయనది ఇట్టాంటిది పోయింది, ఇట్టాంటిదే ఇవ్వాలి అనిపించింది. ఎట్టా నల్లబడిందో చెప్పాల్సొస్తే చెబుతా, తప్పు చెప్పుకోవటమన్నా అలవాటవుతుంది. నల్లదే సంచీలో వేసుకున్నా.

ఆ సాయంత్రమే వెళ్ళాను. బావ వసారాలో నేల మీద కూర్చుని డ్రిప్పు పైపుల బెజ్జాలు పూడిపోతే సూదితో పొడుస్తున్నాడు. ఆయన భార్య, నాకు అక్క వరస, గుమ్మంలో నన్ను చూసి నోరు తెరిచి, రావే అని మాత్రం అనింది. ఆ ఒక్క మాటకే నాకు కళ్ళు నిండినయ్యి.

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "బావా, గట్టు దగ్గర ఆ రోజు నేనన్నది తప్పు. ఆ జానెడు మీదే. సర్వే అయ్యాక కూడా వచ్చి చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు" అన్నాను. ఆయన సూది పక్కన పెట్టాడు గానీ తలెత్తలేదు. అప్పుడు చాకు తీసి, తెరిచి, నల్లటి అలుగు చూపించి, కొత్తదే బావా, నేనే పాడుచేశా అని మొదలుపెట్టి మామిడికాయ, చింతపండు, సబ్బుపొడి, పీచు, కొట్టాయన్ని తిట్టడం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశా.

ఆయన తలెత్తి అలుగు వంక చూశాడు. "నాదానికి ఈ రంగు రావటానికి రెండేళ్ళు పట్టింది" అన్నాడు. "నువ్వు ఒక్కరోజులో తెచ్చావు."

అక్క ఫక్కుమంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులో నీళ్ళొచ్చినయ్యి. చాకు మడిచి, అలవాటు ప్రకారం ఆయన ముందు నేల మీద పెట్టబోయాను. ఇంకో తగువు రాకూడదని, ఇక ఎప్పటికీ రాకూడదని అనుకుంటూనే వంగాను.

ఆయన చెయ్యి చాపాడు.

"కింద పెట్టమాకు అమ్మాయ్. మనం పడాల్సిన తగువు పదకొండేళ్ళు పడ్డాం, ఇంకేం మిగిలింది. చేతికియ్యి."

ముప్పై ఏళ్ళ కాపురంలో కత్తి ఒకరి చేతికివ్వటం నాకు అదే మొదలు. ఇచ్చాను. ఆయన దాన్ని మొలలో పెట్టుకున్నాడు, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు. అక్క లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆమె దగ్గర్నుంచి ఆయన అందుకుని, లేచి నిలబడి, తనే నాకిచ్చాడు. ఆ చేతి నీళ్ళు చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.