మెడకడియానికి ఎడమవైపు

ఆ వాక్యాన్ని నేను మొదటిసారి చదివింది మేరీలాండ్‌లో మేముండే కౌంటీలోని ఒక చిన్న మ్యూజియం వెనకగదిలో. గాజుపెట్టెలో వస్తువు పక్కన ఉంచడానికి అట్టముక్క మీద అచ్చు వేయించిన వివరణ అది. "పారిపోయి పట్టుబడిన పనివారికి, అవమానచిహ్నంగా, ఇటువంటి కడియాన్ని ఒకటి రెండు రోజులు మెడకు తొడిగేవారు."

వస్తువు ఆ పక్కనే తెల్లటి గుడ్డ మీద ఉంది. ఇనుప కడియం. దాని నుంచి చెవుల పక్కగా పైకి లేచిన రెండు కొమ్ములు. వాటి చివరలను బయటికి వంచారు. దాన్ని తొడుక్కున్న మనిషి పక్కకు తిరిగి పడుకోలేడు, చెట్ల మధ్య పరుగెత్తితే కొమ్మలకు తగులుకుంటాడు. ఒకటి రెండు రోజులన్న సంగతి ఎలా తెలిసిందని అడిగాను. మ్యూజియం నిర్వహిస్తున్నావిడ రిటైరైన స్కూల్ టీచరు. ఓపిగ్గా నవ్వి, "మామూలుగా అంతే ఉండేదని మా బోర్డు అభిప్రాయం," అన్నారు.

అభిప్రాయాలతో నాకు వృత్తిరీత్యా పేచీ ఉంది. నేను పనిచేసేది కొలత సాధనాలను సరిచూసే ప్రయోగశాలలో. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కాలిపర్లు, గేజీలు, తూనికలు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి, ఎంత తేడాతో చెబుతున్నాయో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. కొలవని అంకె కింద ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు.

మ్యూజియానికి నేను వెళ్లింది మాత్రం మా అమ్మాయి వల్ల. ఇక్కడి పిల్లలు హైస్కూలు పూర్తయ్యేలోగా కొన్ని గంటల స్వచ్ఛందసేవ చేసి తీరాలి. మన కుటుంబాల్లో ఎవరింటికి వెళ్లినా "మీ పాపకి అవర్స్ అయిపోయాయా?" అన్నది కాఫీ కంటే ముందు వచ్చే ప్రశ్న. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తన అవర్స్ కోసం ఈ మ్యూజియాన్ని ఎంచుకుంది. కొత్త ప్రదర్శన మొదలైతే ఆ గాజుపెట్టె పక్కన నిలబడి, వచ్చినవారికి వివరించే పని తనది. శనివారాల్లో కారులో దింపి, మళ్లీ తీసుకువచ్చే పని నాది. నేను ఊరికే కూర్చోవడం చూసి నిర్వాహకురాలు ఒకరోజు అడిగారు: "మీరు కొలతల మనిషి కదా, ఈ కడియానికి కండిషన్ రిపోర్టు రాసిపెడతారా?"

మ్యూజియం ఎవరి దగ్గరైనా వస్తువు అరువు తీసుకుంటే, అది ఏ స్థితిలో ఉందో పరీక్షించి రాసే కాగితం అది. పరీక్షించిన మనిషి సంతకం పెడతారు. వస్తువు ఎక్కడికి వెళ్తే ఆ కాగితం కూడా వెంట వెళుతుంది. నేను ఒప్పుకున్నాను.

కడియాన్ని అరువిచ్చింది ఎనభై దాటిన ఒక పెద్దాయన. జీవితమంతా వెల్డింగ్ చేసిన మనిషి. నేను కొలతలు తీసుకునే రోజు వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కడియం తొడుక్కున్నది ఆయన పూర్వీకుడు. తరాల లెక్క ఆయనకు వేళ్ల మీద ఉంది, ఎనిమిది. బట్టముక్క దొంగిలించాడని ఇంగ్లాండులో శిక్ష వేసి, ఓడ ఎక్కించి, ఈ ఒడ్డున దించి, ఏడేళ్ల చాకిరీకి ఒక ఇనుప కొలిమి యజమానికి అమ్మారు.

ఈ సంగతి నాకు అంతకుముందు తెలియదు. ఖైదీలంటే జైల్లో ఉంటారనుకునేదాన్ని. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ తీరానికి పంపిన ఖైదీకి గోడలు లేవు, యజమాని ఉన్నాడు. ఓడ డెక్కు మీద పళ్లూ చేతులూ చూసి కొనుక్కున్న యజమాని. తెల్లవారుజామున అడవిలో చెట్లు కొట్టాలి, వాటిని బొగ్గు చేయాలి, గనిలో తవ్విన ముడిరాయిని కొలిమి దాకా మోయాలి. కొలిమి ఒకసారి వెలిగిస్తే నెలల తరబడి ఆరదు కాబట్టి దాన్ని మేపడమూ ఆగదు. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటితే పారిపోయినట్టే. పారిపోయిన ఒక్కో రోజుకూ శిక్షాకాలానికి పది రోజులు కలపాలని ఇక్కడి చట్టం. కొరడా దెబ్బలు దానికి అదనం. ఈ చట్టం రాసినవారికి కూడికలు రావని ఎవరూ అనలేరు. మనిషిని ఏడేళ్లకు కొని పన్నెండేళ్లు వాడుకోవడానికి చేసిన ఏర్పాటది.

"రెండుసార్లు పారిపోయాడట. రెండోసారి పట్టుకొచ్చి ఇది తగిలించారట," అన్నారు పెద్దాయన. "చలికాలమంతా దీంతోనే రాయి మోశాడని మా నాన్న చెప్పేవాడు, ఆయనకు వాళ్ల నాన్న. నేను స్కూల్లో ఈ మాట చెబితే టీచరు, తాతలు కథలు బాగా చెబుతారు బాబూ, అంది. క్లాసంతా నవ్వింది. ఈ బోర్డు కూడా అదే అంటోంది, కాస్త మర్యాదగా."

"మీకేం కావాలి?" అని అడిగాను.

"మా నాన్న అబద్ధమాడలేదని ఆ అట్టముక్క మీద ఉండాలి. అంతే."

తూచాను. ఒక కిలో నాలుగు వందల ఇరవై గ్రాములు. చుట్టూ సమాన దూరంలో పన్నెండు చోట్ల మందం కొలిచాను. పదకొండు చోట్ల తొమ్మిదిన్నర మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంది. పన్నెండో చోట, అంటే ఎడమ భుజం పైన ఉండే బయటివైపున, ఆరు పాయింట్ ఎనిమిది. నేను పొరపాటు చేశాననుకుని మళ్లీ కొలిచాను. మూడోసారి మరో కాలిపర్‌తో కొలిచాను. ఆరు పాయింట్ ఎనిమిదే.

భూతద్దం కింద పెట్టి చూస్తే అది గాడి. వెడల్పు ముప్పై రెండు మిల్లీమీటర్లు. తుప్పు ఇనుమును అన్ని వైపులా తింటుంది, గుంటలు గుంటలుగా తింటుంది. ఈ గాడి అడుగు నున్నగా ఉంది. దాని మీద సన్నటి గీతలన్నీ ఒకే దిశలో, ముందు నుంచి వెనక్కి సాగాయి. ఏదో గట్టి వస్తువు అక్కడ ఆని, అడుగు అడుగుకీ ముందుకూ వెనక్కూ రాసుకుంటే తప్ప అలాంటి గీతలు పడవు.

ఆ వస్తువు కోసం వెతకాల్సిన అవసరం రాలేదు. అదే గదిలో, అదే కొలిమి స్థలంలో దొరికిన మోతకర్ర ఒకటి గోడకు ఆనించి ఉంది. ఇద్దరు మనుషులు ముందొకరు వెనకొకరు భుజాన పెట్టుకుని, నడుమ రాళ్ల బుట్ట వేలాడదీసుకునే పొడవాటి కర్ర. చీలిపోకుండా దాని చివరకు ఇనుప పట్టీ చుట్టారు. పట్టీ వెడల్పు ముప్పై ఒకటిన్నర. ఇదే కర్ర అని నేను అనలేదు, రిపోర్టులోనూ రాయలేదు. ఇలాంటి కర్ర అని మాత్రమే రాశాను.

కావడి మోసేవాళ్లను నేను చిన్నప్పుడు చూశాను. వాళ్లు నడుస్తూనే భుజం మార్చుకుంటారు. ఆ పనిలో దొరికే విశ్రాంతి అదొక్కటే. ఈ కడియానికి కుడివైపు అరుగుదల ఎందుకు లేదో చాలాసేపు అర్థం కాలేదు. చివరకు పెద్దాయనే వేలు పెట్టి చూపించారు. కుడివైపున కడియం కొసలను కలిపి బిగించిన రివెట్టు మేకు తల పద్నాలుగు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వచ్చింది. ఆ భుజాన కర్ర పెట్టుకుంటే ప్రతి అడుగుకీ రివెట్టుకు తగిలి, కడియాన్ని గొంతులోకి నెడుతుంది.

"అంటే భుజం కూడా మార్చుకోలేదు," అన్నారాయన. ఆ తర్వాత, "ఎన్నాళ్లు?" అని అడిగారు.

"నెలలు. ఎన్ని నెలలో చెప్పలేను. రోజులైతే మాత్రం కాదు."

ఆయన తలూపారు. లోహాన్ని ఎరిగిన మనిషికి అంతకన్నా వివరించనవసరం లేకపోయింది.

మరుసటి వారం నిర్వాహకురాలు నన్ను పక్కకు పిలిచారు. బోర్డు వారు నా చిత్తుప్రతి చూశారట. ప్రదర్శనకు స్కూలు పిల్లలు వస్తారు, ఖర్చు భరిస్తున్నవారిలో కొలిమి యజమాని వంశంవారూ ఉన్నారు. "ఎడమవైపు సంగతి అంత వివరంగా అక్కర్లేదేమో. సాధారణ తుప్పు, అరుగుదల అని ఒక్క లైను రాస్తే చాలు."

"అది సాధారణమూ కాదు, తుప్పూ కాదు."

"నెలలని మీరు కచ్చితంగా చెప్పగలరా? ఎన్ని నెలలు?"

"ఎన్నో చెప్పలేనని రిపోర్టులోనే రాశాను."

"అయితే తెలియదన్నట్టే కదా," అన్నారావిడ, ఎంతో మృదువుగా.

నా ఒళ్లు మండింది. నా వృత్తిలో ప్రతి కొలతకూ పక్కన దాని సందేహం ఎంతో రాస్తాం. అది నిజాయితీ. మూడు నెలలో ఎనిమిది నెలలో చెప్పలేకపోవడం వేరు, రెండు రోజులో ఎనిమిది నెలలో చెప్పలేకపోవడం వేరు. నేను నిజాయితీగా ఒప్పుకున్న చిన్న సందేహాన్ని తీసుకుని, తాము ఏమాత్రం సందేహించకుండా అచ్చు వేయించిన అబద్ధానికి అడ్డు పెట్టుకున్నారు. వాళ్ల 'ఒకటి రెండు రోజుల'ను ఎవరూ ఏ సాధనంతోనూ కొలవలేదు. దాన్ని ఎవరూ ప్రశ్నించనూ లేదు.

ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతంతా చెప్పాను. మావారు సాఫ్ట్‌వేర్ మనిషి. "సైన్ చేసేసి వచ్చెయ్. వాళ్ల మ్యూజియం, వాళ్ల బోర్డు. దీనికింత సీన్ అవసరమా?" అన్నారు. తర్వాత నన్ను నవ్వించబోయారు. "అయినా మన హెచ్-వన్ బతుకులూ అంతేగా. ఎంప్లాయర్‌ని వదిలితే వీసా గాయబ్."

"మనం టికెట్ కొనుక్కుని వచ్చాం. లేఆఫ్ అయిన రోజు నీ మెడలో ఉన్న ఐడీ కార్డు తీసేసుకున్నారు. ఏమీ తగిలించలేదుగా?"

"అబ్బా, జోక్ చేశాలేవే."

"నాన్నా, నాట్ ఫన్నీ," అంది మా అమ్మాయి. తర్వాత నా వైపు తిరిగి, "ఆ కార్డ్ మీద ఉన్నది నేనే చెప్పాలి కదా అమ్మా. ఆ తాతగారు అక్కడే ఉంటే ఎలా చెప్తా? ఆయన ఫేస్ చూసి టూ డేస్ అని చెప్పాలా?" అంది.

మావారు పెరుగన్నం కలుపుకోవడం ఆపారు. "పోనీ, నువ్వు కొలిచిందే రాయి," అన్నారు. "అవర్స్ ఎక్కడైనా చేసుకోవచ్చు."

కొలిచిందే రాశాను. పన్నెండు అంకెలూ, గాడి కొలతలూ, రివెట్టు ఎత్తూ, ఛాయాచిత్రాలూ. చివర ఒక వాక్యం: ఈ అరుగుదల, కడియం మెడకు ఉండగా ఎడమ భుజాన బరువులు మోయడం వల్ల ఏర్పడింది, రోజుల్లో ఏర్పడేది కాదు, నెలలు పట్టేది. సంతకం పెట్టి, ఒక ప్రతి మ్యూజియానికీ ఒకటి పెద్దాయనకూ ఇచ్చాను.

బోర్డు దిగివచ్చింది, ఒక్క మాట మేరకు. 'ఒకటి రెండు రోజులు' తీసేసి 'కొంతకాలం' అని పెడతామన్నారు. ప్రారంభానికి మూడు రోజుల ముందు, ఆ మాట చెప్పడానికి పెద్దాయనను పిలిపించినప్పుడు నేనూ ఉన్నాను.

"కొంతకాలం అంటే రెండు రోజులా?" అని అడిగారాయన.

"చదివేవారు ఎలాగైనా అనుకోవచ్చు," అన్నారు నిర్వాహకురాలు.

"అందుకే కదా ఆ మాట పెట్టారు," అని ఆయన లేచారు. "నా వస్తువు నాకిచ్చెయ్యండి."

అరువు ఒప్పందంలో ఆ హక్కు ఉంది. ఆవిడ బతిమాలారు, ఆహ్వానపత్రికల మీద కడియం బొమ్మ వేయించామన్నారు. ఆయన గుడ్డలో చుట్టుకుని పార్కింగ్‌లోకి నడిచారు. నేను తలుపు పట్టుకున్నాను. తన ట్రక్కు ముందుసీటులో దాన్ని పెట్టి, జేబులోంచి రిపోర్టు తీసి నా చేతికిచ్చారు. "కళ్లద్దాలు తేలేదు. ఆఖరి వాక్యం చదవండి." చదివాను. మళ్లీ చదవమన్నారు. రెండోసారి నేను చదువుతున్నంతసేపూ టోపీ తీసి పట్టుకున్నారు. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, "ఇది అందరూ చదవాల్సింది," అని ట్రక్కు ఎక్కారు.

మా అమ్మాయి మిగిలిన గంటలు లైబ్రరీలో పూర్తి చేసింది. ప్రదర్శన అనుకున్న రోజునే మొదలైంది. గాజుపెట్టెలో ఇప్పుడు కడియం లేదు, దాని ఫోటో ఉంది. ఫోటో కుడివైపు నుంచి తీసింది. దాని కింద మొదటి అట్టముక్కనే, 'ఒకటి రెండు రోజుల'తో సహా, మళ్లీ పెట్టారు. వస్తువే లేనప్పుడు మాట మార్చాల్సిన పనేముందనుకున్నారేమో.

బోర్డుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకటే జవాబు, నా ఆసక్తికి ధన్యవాదాలని. నాకున్నది ఆసక్తి కాదు. ఎనిమిది తరాలుగా ఒక కుటుంబం నిజం చెబుతూ నవ్వులపాలవుతుంటే, ఆ నిజాన్ని మిల్లీమీటర్లలో చేతికిచ్చాక కూడా వద్దన్నవారి మీద కోపం. నాలుగో ఉత్తరం నిన్న పోస్టు చేశాను. అందులో నా కొలతల గురించి ఏమీ రాయలేదు. వారి రెండు రోజులను ఎవరు కొలిచారో, దేనితో కొలిచారో తెలియజేసి, కింద సంతకం పెట్టమని అడిగాను.