మూత తీసిన పెన్ను

మిషిగన్‌లో మా పిల్లల బడి మూసేస్తామన్న స్కూల్ బోర్డు సభ్యులను దించేయాలని, మాకంటే ముప్ఫై ఏళ్లు ముందొచ్చిన ఒక రిటైర్డ్ డాక్టరుగారు తెలుగు చర్చి గుమ్మంలో సంతకాలు సేకరించేవారు. ఎవరు కనబడినా మూత తీసిన పెన్ను చేతిలో పెట్టేవారు.

"నాకింకా సిటిజన్‌షిప్ రాలేదంకుల్, ఓటు లేదు," అన్నాను.

"పర్లేదమ్మా, పెట్టేయ్."

పెద్దాయన మాట కాదనలేక పెట్టాను. పెడుతున్నంతసేపూ ఆయన కాగితం వైపు కాదు, నా ముఖంలోకి చూశారు.

ఓటున్నవాళ్ల సంతకాలే చెల్లుతాయని ఎన్నికల అధికారులు నాలాంటివాళ్ల సంతకాలన్నీ కొట్టేశారు. సంతకాలు చాలక పిటిషన్ వీగిపోయింది, బడి మూతపడింది.

తర్వాత ఓ ఆదివారం, "పాపం, మనవాళ్లందరూ సంతకాలు పెట్టారమ్మా," అన్నారాయన. పెన్ను చేతిలోనే ఉంది.

"మీకు ఓటుంది కదా. మీరు పెట్టారా అంకుల్?"

ఆయన పెన్నుకు మూత పెట్టారు. ఆయన మూత పెట్టగా చూడటం నాకదే మొదటిసారి.