గొర్ల సారు

ఆ రోజుల్లో మా వైపు బంతిని కాలితో తన్నడం కూడా ఒక విద్యేనంటే నవ్వేవారు. అయినా హైదరాబాదు కాలేజీ జట్టులో నేను సెంటర్ ఫార్వర్డ్‌నని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాణ్ణి. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, రజాకార్ల గొడవ సద్దుమణిగి బళ్లు మళ్లీ తెరిచిన కొత్తల్లో, సూర్యాపేటలో డ్రిల్లు మాస్టరుగా చేరాను. నా జట్టంతా పెన్‌పహాడ్ వైపు గొర్లకాపర్ల పిల్లలు. పరుగులో వాళ్లకు సాటి లేరు, కానీ అందరూ బంతి వెంటే. నేను (కాలేజీ ఉచ్చారణతో) "వింగ్, పాస్" అని గొంతు చించుకున్నా ఒక్కడూ తల తిప్పేవాడు కాదు. చివరికి మా కెప్టెన్ బుడ్డోడు జాలిపడ్డాడు. "సార్, గా ఇంగ్లీషు మాకు ఎక్కుతలేదు. గొర్లను పిలిచినట్టు కూతేయుండ్రి, ఎటు మల్లాల్నో ఎర్కైతది." పొడుగు కూతకు దగ్గరికి రావాలి, పొట్టి కూతకు విడిపోవాలి. కొద్దిరోజుల్లోనే నాకు నాలుక తిరిగింది, వాళ్లకు ఆట పట్టుబడింది. ఇలాంటి పద్ధతి ఏ కాలేజీలోనూ లేదని నాకు మహా గర్వం.

హెడ్మాస్టరుగారికి మాత్రం నమ్మకం లేదు. "మిర్యాలగూడల ఓడిపోతే ఇగ బంతి అల్మారీలనే ఉంటది," అని తేల్చేశారు.

మిర్యాలగూడలో ఆట చివరికొచ్చినా గోల్ లేదు. వాళ్లు మా మీదికి కమ్ముకొస్తుంటే, మావాళ్లను వెనక్కి రప్పించడానికి ఊపిరంతా కూడగట్టుకుని పొడుగు కూత వేశాను. వేములపల్లి బాట మీద పోతున్న గొర్ల మంద ఒకటి ఆగి, తలలెత్తి, మైదానం మీదుగా నేరుగా నా దగ్గరికి వచ్చేసింది. అవతలి జట్టు చెల్లాచెదురైంది. బుడ్డోడు గొర్ల మధ్యనుంచే బంతి నడిపించుకుపోయి గోల్ కొట్టాడు. నేను మోకాలి సంగతి మరిచి గంతులేశాను. కోదాడ నుంచి వచ్చిన రెఫరీ బుర్ర గోక్కుని, "రూల్సులో గొర్రెల ఊసే లేదండీ, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. గోలేనని నేను వాదించబోతుంటే బుడ్డోడు అడ్డొచ్చాడు. "వద్దు సార్. గొర్లు గెలిపిచ్చినయని రేపు నవ్వుతరు. మందను మలిపి మళ్ల కొడ్తం."

మావాళ్లే మందను మలిపారు. మళ్లీ ఆట మొదలైంది. నేను కూత వేస్తే గొర్లు తిరిగొస్తాయి కదా, అందుకని రుమాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. పిల్లలు వాళ్లంతట వాళ్లే విడిపోయారు, దగ్గరికొచ్చారు, బంతి ఒకరికొకరు అందించుకున్నారు. బుడ్డోడు మళ్లీ కొట్టాడు. నా కళ్లు చెమర్చాయి, నోట్లోంచి రుమాలు తీసి తుడుచుకున్నాను.

కాలేజీలో నేను కొట్టిన గోల్స్ ఇప్పుడు నాకే సరిగా గుర్తులేవు. ఇప్పటికీ మిర్యాలగూడ బస్టాండులో ఏ తల నెరిసిన మనిషైనా వెనకనుంచి "గొర్ల సారూ" అంటే చాలు, ఆ మందలాగే ఆగి, తలెత్తి, నేరుగా అతని దగ్గరికి వెళ్లిపోతాను.