ఆర్గాన్‌ను బదులుకు పిలవరు

పదో తరగతి పేపర్లు దిద్దుతుంటే ఒళ్లు మండింది నాకు. 'ఆర్గాన్ విద్యుత్ తటస్థం, కాబట్టి చర్య జరపదు' అని సగం మంది రాశారు. మర్నాడు క్లాసులో గట్టిగానే అరిచాను.

"సోడియం పరమాణువు కూడా తటస్థమేగా! ప్రోటాన్లెన్నో ఎలక్ట్రాన్లూ అన్నే. మరి నీళ్లలో వేస్తే ఎందుకు భగ్గుమంటుంది? దాని చివరి కక్ష్యలో ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్, దాన్ని వదిలించుకోవాలని చూస్తుంది. ఆర్గాన్‌కి చివరి కక్ష్యలో ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. దానికి ఇచ్చే పని లేదు, పుచ్చుకునే పని లేదు."

మా దర్శి వైపు మిరపకోతలకు బదులు వెళ్తారు. ఇవాళ మీరొచ్చి మా చేలో కోస్తే, రేపు మేమొచ్చి మీ చేలో కోస్తాం. ముందు బెంచీ అమ్మాయికి అదే గుర్తొచ్చినట్టుంది.

"అయితే దాన్ని బదులుకెవరూ పిలవరా సార్?"

"పిలవరు," అన్నాను. క్లాసంతా నవ్వింది.

నాకూ రెండెకరాల మిరప ఉంది. ఒకరితో మాట పడటం ఇష్టం లేక, ఏటా పైఊళ్ల నుంచి కూలీలను ఆటోలో తెప్పించి కోయిస్తాను. ఆ ఆదివారం మధ్యాహ్నం కూలీలు వాళ్లలో వాళ్లు తింటున్నారు. నేను గట్టు మీద ఒక్కణ్ణే కూర్చుని క్యారేజీ విప్పాను. పక్క చేలో మూడిళ్ల వాళ్లు కలిసి తింటూ గోంగూర గిన్నె చేతులు మార్చుకుంటున్నారు. ఆ అమ్మాయీ అక్కడే ఉంది. నన్ను చూసి గిన్నె పట్టుకుని లేచింది. వాళ్లమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"సారు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరమ్మా," అంది, ఎంతో గౌరవంగా.