డిక్కీలోని ఎరుపు

మనవడు వాకిట్లో మా నాయిన పాత అంబాసిడర్‌కు కొత్తగా తెల్లరంగు వేస్తున్నాడు. ఆ వాసనకు కోరుట్లలో నేను బడికి పోయిన రెండేళ్లు గుర్తొచ్చాయి.

తుక్కుకు పోయే ఆ కారును కొని, మెకానిక్ అయిన నాయిన ఇంట్లోనే బాగుచేశాడు. తుప్పు గీకి, అసలు రంగుకు ముందు అడుగుపూతగా వేసే ఎర్ర ప్రైమర్ పూశాడు. అదే అసలు రంగనుకుని నేను బడంతా గొప్పలు చెప్పాను. మూడోనాడు దోస్తులను వెంటబెట్టుకొచ్చేసరికి కారు తెల్లగా ఉంది.

"ఏదే నీ ఎర్ర కారు?" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

నాయిన డిక్కీ తెరిచాడు. "ఇగో, లోపట సూడుండ్రి. నా బిడ్డ అబద్ధమాడది."

అక్కడింకా తెల్లరంగు వేయలేదు. ఆ తర్వాతా వేయలేదు.

"అమ్మమ్మా, డిక్కీల గూడ ఏయాల్నా?" అన్నాడు మనవడు.

"అద్దు. రంగు దండుగ. ఆడ మా నాయిన ఏసిందే మంచిగున్నది."